కారు షాఫ్టులో కందెన

మా మామగారి కారు కదిలినప్పుడల్లా కింద నుంచి టక్కుమనేది. గేరు వేసి క్లచ్చి వదలగానే ఒక టక్కు, ఎక్కడైనా ఆపి మళ్ళీ తీస్తే ఇంకో టక్కు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చిన్న చప్పుడు. నాకు నెల తప్పేనాటికి, వీధి చివర అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా "అదిగో, ఆయన బయల్దేరాడు" అని చెప్పుకునేంత పెద్దదైంది. నా మొదటి కాన్పు ఎక్కడ జరగాలో, మా అమ్మ నన్ను ఎప్పుడు చూడాలో ఆ చప్పుడే తేల్చింది. వినేవాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

అరవైల మొదట్లో సంగతి. మా అత్తవారిది పర్చూరు పక్కన నల్లరేగడి ఊరు. వాళ్ళు వర్తకులు. రైతుల దగ్గర మిరపకాయలూ పత్తీ కొని గుంటూరు పంపేవారు. నీచు ముట్టని ఇల్లు, మడీ ఆచారం గట్టిగా పాటించే ఇల్లు. ఉండేది నలుగురం: మామగారు, అత్తగారు, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకైన మా ఆయన, నేను. వచ్చారు, అన్నారు అని మర్యాదగానే రాస్తున్నాను. అది చేతికి పట్టిన అలవాటు, మనసుకి దానితో సంబంధం లేదు.

కారు యుద్ధానికి ముందు తయారైన ఇంగ్లీషు కారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరుగారు ప్రాక్టీసు మానేస్తూ అమ్మితే మామగారు కొన్నారు. ఊరికి అదొక్కటే కారు. నడపడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒకరి దగ్గర నేర్చుకుంటే ఆ ఒకరు తన కన్నా ఎక్కువని ఒప్పుకున్నట్టు కదా. క్లచ్చి మీద నుంచి కాలు ఒక్కసారిగా ఎత్తేసేవారు. ములుగర్రతో పొడిచిన ఎద్దులా కారు ముందుకి దూకేది. అలా దూకీ దూకీ కింద కీళ్ళు అరిగిపోయాయి.

ఒకసారి గుంటూరులో ఒక షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మేస్త్రీ కింద దూరి చూసి, "బండి ఎవరు తోలుతున్నారండీ?" అని అడిగాడట. "నేనే" అన్నారు మామగారు. మేస్త్రీ పక్కవాడి వంక చూసి నవ్వాడట. అంతే. ఆ రోజు నుంచి ఏ షెడ్డు గడపా తొక్కనని, ఆ పని ఇంట్లోనే చేయిస్తానని ఒట్టు పెట్టుకున్నారు. ఒక మనిషి నవ్విన నవ్వు నా దాకా వచ్చి తగులుతుందని అప్పుడు నాకేం తెలుసు.

మా పుట్టిల్లు సింగరాయకొండ. అత్తవారి ఊరి నుంచి బస్సెక్కితే చీరాల, చీరాలలో రైలెక్కితే సింగరాయకొండ. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో ఉండొచ్చు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి, ఏడో నెల రాగానే నన్ను తీసుకెళ్ళడానికి మా నాన్న వచ్చాడు. మామూలుగా అమ్మా నాన్నా ఇద్దరూ రావాలి. అమ్మ రాలేదు. చలిమిడి చేసి, గిన్నెకి గుడ్డ కట్టి నాన్న చేతికిచ్చి పంపింది.

మామగారు అరుగు మీద కుర్చీలో కూర్చుని, నాన్నని చాప మీద కూర్చోబెట్టి మాట్లాడారు.

"బావగారూ, మీరు ఒక్కరూ ఎలా వచ్చారో అలాగే వెళ్ళండి. మా ఇంటి కోడలు మూడో తరగతి పెట్టెలో చుట్టలు కాల్చేవాళ్ళ మధ్య కూర్చుని రాదు. కారు ఎందుకుంది? నేనే స్వయంగా తీసుకొచ్చి మీ గుమ్మంలో దింపుతా."

"కారు బాగాలేదని అబ్బాయి అన్నాడండీ," అన్నాడు నాన్న.

"ఎవడూ, వీడా? వీడి మొహం. కింద రెండు క్రాసులు మార్చాలి. వారంలో అయిపోద్ది."

నాన్న, "ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదు బావగారూ. ఆయాసం. నాలుగడుగులేస్తే కూలబడిపోతోంది. పిల్లని చూడాలని ఒకటే కలవరింత," అన్నాడు.

"చూడకుండా ఎక్కడికి పోతుంది లెండి," అన్నారు మామగారు.

నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఆగలేకపోయాను. "నాకు రైలు అలవాటేనండీ మామగారూ. నాన్నతో వెళ్తాను," అన్నాను. మామగారు నా వైపు చూడలేదు. నాన్న వైపు చూసి, "ఎదురు మాట్లాడ్డం కూడా మీరే నేర్పి పంపారా బావగారూ?" అన్నారు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. చలిమిడి గిన్నె అక్కడే పెట్టి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ చలిమిడి సాయంత్రం మామగారు తిన్నారు. బెల్లం కాస్త ఎక్కువైందన్నారు.

మర్నాడే వాకిట్లో పని మొదలైంది. కారు ముందు ఇంజనూ వెనక చక్రాలూ ఉంటాయి కదా, ఆ రెంటినీ కలుపుతూ కింద ఒక పొడుగాటి ఇనప కడ్డీ తిరుగుతుంది. దాన్నే షాఫ్టు అంటారు. దానికి రెండు చివర్లా కీళ్ళుంటాయి. కీలు మధ్యలో కూడిక గుర్తులా ఉండే ఇనప ముక్కే క్రాసు. దాని నాలుగు చేతులకీ నాలుగు బుల్లి గిన్నెలు తొడుగుతారు. ఒక్కో గిన్నెలో లోపలి అంచు చుట్టూ సన్నటి ఉక్కు సూదులు నిలువుగా పేర్చి ఉంటాయి. ఆ సూదుల మీదే కీలు తిరగాలి. అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఇదంతా నేర్చుకున్నాను. నాకెవరూ చెప్పలేదు. మామగారు మా ఆయన్ని తిట్టే తిట్లలో అన్నీ ఉండేవి.

పుష్యమాసం. వాకిలి సగం మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. మిగతా సగంలో కారుని మొద్దుల మీదికి ఎత్తి, చక్రాలకి రుబ్బురోలు పొత్రాలు అడ్డం పెట్టారు. మా ఆయన కింద వెల్లకిలా పడుకుని బోల్టులు విప్పుతుంటే, మామగారు మడతకుర్చీలో కూర్చుని చెప్పులో కాలితో ఆయన పాదం మీద తడుతూ, "ఇటు తిప్పరా, అటు కాదు, ఒరేయ్ దద్దమ్మా," అంటుండేవారు. మిరపకాయల ఘాటుకి కారు కింద నుంచి తుమ్ములు వచ్చేవి. తుమ్మితే చెయ్యి జారేది, జారితే తిట్లు పడేవి.

షాఫ్టు బయటికొచ్చింది. పాత గిన్నెలు తుప్పు పట్టి ఊడి రాలేదు. మామగారు వంటింట్లోకి వెళ్ళి రోకలి పట్టుకొచ్చారు. అడుగున ఇనప పొన్ను తొడిగిన రోకలి. దాంతో దంచితే గిన్నెలు ఒక్కొక్కటే ఊడాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఆ నూనె ఓడుతున్న రోకలిని మళ్ళీ నా వంటింట్లోకి తెస్తే ఊరుకోను," అన్నారు. పసుపు దంచడానికి పక్కింటి రోకలి అడుక్కోవడం నా వంతైంది.

కొత్త క్రాసు బిగించేటప్పుడు అసలు గొడవ వచ్చింది. మా ఆయన గిన్నెలో సూదులు పేర్చుకుంటూ ఉంటే, మామగారు తొందరపడి గిన్నె ఆయన చేతిలోంచి లాక్కున్నారు. సూదులు ఎగిరి మిరపకాయల్లో పడ్డాయి. ఎండిన కాయల మధ్య, తొడిమల మధ్య, గింజల మధ్య, తలవెంట్రుక కన్నా కాస్త లావుండే ఉక్కు ముక్కలు.

"అమ్మాయ్, నీ చేతులు సన్నవి. లేచి వెతుకు," అన్నారు మామగారు.

మా ఆయన, "దానికి వంగడం కష్టం నాన్నా, నేను వెతుకుతాను," అన్నారు. అత్తగారు లోపల్నుంచి, "వంగి పని చేస్తే కాన్పు సులువవుతుంది, వెతకనీ," అన్నారు. ఆయన వెళ్ళి కిరసనాయిలు గిన్నె తెచ్చి నా పక్కన పెట్టారు, దొరికినవి కడగడానికి.

మోకాళ్ళ మీద కూర్చుని, పొట్ట తొడలకి ఆనుతుంటే, ఎండ నడినెత్తి నుంచి పక్కకి వాలేదాకా వెతికాను. వేళ్ళు మండాయి. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే భుజం మీది పైటతో తుడుచుకున్నాను, చేత్తో తుడుచుకుంటే ఏమవుతుందో ఆ ఊరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మామగారు లోపలికి వెళ్ళి భోంచేసి, నిద్రపోయి, లేచి వచ్చారు. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప.

"ఒకటి లేకపోతే ఏం?" అన్నారాయన. "ఊళ్ళో ఒకడు చస్తే ఊరు ఆగిపోద్దా?"

ఆ ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. గిన్నె అడుగునే అడ్డంగా పడి ఉంది. మిగతావి పేర్చి తొడిగితే, అది అడ్డుపడి గిన్నె పూర్తిగా లోపలికి దిగలేదు. దిగట్లేదని మామగారు రోకలి ఎత్తారు. మా ఆయన "ఆగండి" అనేలోగా గిన్నె పగిలింది. అప్పుడు విడిపోయిన ముక్కల మధ్య మెరుస్తూ కనబడింది సూది. మామగారు దాన్ని చూశారు, నన్ను చూశారు, చూసి, "కడుపుతో ఉన్న మనిషి నీడ ఇనుము మీద పడింది. ఇంకెందుకు బాగుపడుతుంది," అన్నారు. ఆ రోజు నుంచి కారు పని జరిగేటప్పుడు నేను అరుగు మీద కూర్చోకూడదన్నారు. అప్పటి నుంచి కిటికీలోంచి చూశాను.

గుంటూరు కొట్లో ఇంకో సెట్టు లేదు. మద్రాసు నుంచి తెప్పిస్తామన్నారు. అది వచ్చేసరికి నాకు ఎనిమిదో నెల పడింది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న మనిషిని పొలిమేర దాటించకూడదు. ఏడులో వెళ్ళాలి, లేదా తొమ్మిదిలో. రోజులు గడుస్తుంటే కడుపులో బిడ్డ కదిలేది, కారు కదిలేది కాదు. సింగరాయకొండ వైపు నుంచి పొగాకు బేరానికి వచ్చిన ఒకాయన, అమ్మకి కాళ్ళు వాచాయని, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోందని చెప్పి వెళ్ళాడు. ఆ మాట నేను అత్తగారికి చెబితే, "మీ వైపు వాళ్ళకి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటేమో," అన్నారు.

కొత్త సెట్టుతో పాటు కొట్టువాడు ఒక డబ్బా గ్రీజు కూడా ఇచ్చి పంపాడు. సూదులు గ్రీజులో పేరిస్తే కదలకుండా నిలబడతాయట, తర్వాత తిరగడానికీ అదే కావాలట. మా ఆయన మూత తీశారో లేదో అత్తగారికి వాసన తగిలింది.

"ఇది దేంతో చేస్తార్రా?"

మా ఆయనది అబద్ధం చెప్పలేని నోరు. ధైర్యం ఉండి కాదు, అప్పటికప్పుడు ఏదీ తోచక. "కొవ్వు కలుస్తుందనుకుంటానమ్మా," అన్నారు.

"ఏం కొవ్వు?"

"ఏదో జంతువుది."

అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "నా కోడలు, కడుపులో నా వంశాన్ని మోస్తున్న పిల్ల, చచ్చిన గొడ్డు కొవ్వు మీద కూర్చుని ప్రయాణం చెయ్యాలా? ఏం పుడుతుందిరా దానికి?" అన్నారు. ఆవిడ నన్ను 'నా కోడలు' అనడం అదే మొదటిసారి. గ్రీజు డబ్బా వెళ్ళి పెంటదిబ్బ మీద పడింది.

మరి సూదులకి ఏం పూయాలి? మామగారికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "మన బళ్ళ ఇరుసులకి ఏం పూస్తున్నాం? తాతలనాటి నుంచీ కందెన మీద తిరగట్లేదూ? కారు చక్రం ఆకాశం నుంచి ఊడిపడిందా?"

కందెన అంటే తెలియని వాళ్ళు ఇప్పుడు చాలామంది ఉంటారు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరితే నల్లగా, జిగురుగా తయారవుతుంది. ఎడ్లబండి ఇరుసుకి అదే పూస్తారు. మామూలుగా బండి తోలేవాళ్ళు చేసుకుంటారు. మా ఇంట్లో ఆ రోజు అత్తగారు మడి కట్టుకుని చేశారు. కల్లంలో నుంచి తెచ్చిన గడ్డిని కాల్చి, మసిని గుడ్డలో జల్లించి, కొత్త కుండలో కలిపారు. దేవుడికి ప్రసాదం చేసినంత శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధ చూస్తే నాకే ఒక్క క్షణం నమ్మకం కలిగింది.

మా ఆయన ఆ కుండలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసుకున్నారు. మళ్ళీ రుద్దారు. "నాన్నా, ఇరుసంటే మొరటుది. దీంట్లో సూదులు తిరగాలి. గడ్డితో పాటు కల్లంలో మట్టి కూడా కాలుంటుంది. ఇది గరగరలాడుతోంది, సూదుల్ని అరగదీస్తుంది," అన్నారు.

"ఏరా, ఆ గుంటూరు మేస్త్రీ నవ్వింది చాలక నువ్వు కూడా నవ్వుదామనుకుంటున్నావా?" అంటూ మామగారు కుండలో చెయ్యి పెట్టి ఇంత కందెన తీసి, ఆ చేత్తోనే కొడుకుని చెంప మీద కొట్టారు. ముప్ఫై ఏళ్ళ మనిషి. ఐదు వేళ్ళూ నల్లగా పడ్డాయి. మిరపకాయలు ఎత్తుతున్న కూలీలు పని ఆపి చూశారు, మళ్ళీ తలలు దించుకున్నారు. మా ఆయన చెంప కూడా తుడుచుకోకుండా కూర్చుని, ఒక్కో గిన్నెలో కందెన పూసి, ఒక్కో సూదీ పేర్చి, క్రాసులు రెండూ బిగించారు. పని చాలా బాగా చేశారు. పాడవుతుందని తెలిసిన పనిని అంత శుభ్రంగా చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ అడిగాను, "ఇది ఆగుతుందా?"

"మీ ఊరి దాకా వస్తుందిలే," అన్నారు. ఆ మాట నా మొహం చూసి అనలేదు.

తొమ్మిదో నెలలో మంచి రోజు చూసి బయల్దేరాం. మామగారు నడిపారు. ఆయన పక్కన మా ఆయన, వెనక సీట్లో నేను, నా పక్కన నా ట్రంకు పెట్టె. కొబ్బరికాయ కొట్టి క్లచ్చి వదిలితే కారు కదిలింది. టక్కు లేదు. నాలుగు మైళ్ళు వెళ్ళాం, చిన్న చప్పుడు కూడా లేదు. మామగారు గర్వంగా, "ఏమంటావురా?" అన్నారు. మా ఆయన కింద నుంచి ఏమైనా చప్పుడొస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నారు. నేను మాత్రం ఇంకాసేపట్లో అమ్మని చూస్తానని, గుమ్మంలో ఆవిడ లేచి నిలబడగలదో లేదోనని అనుకుంటూ, దారి పొడుగునా విచ్చిన పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. ఆ నాలుగు మైళ్ళూ నేను సంతోషంగా ఉన్నాను. అది దాచుకోవడం దేనికి?

ఇంకొల్లు దాటాక కింద కిర్రుమంది. కాసేపటికి ఆముదం మాడిన కంపు వచ్చింది. "ఆపండి నాన్నా," అన్నారు మా ఆయన. మామగారు ఇంకా గట్టిగా తొక్కారు. కారు మొత్తం వణికి, ఒక్కసారిగా కింద ఏదో విరిగి, షాఫ్టు ముందు కొస రోడ్డు మీద పడి రాళ్ళని దున్నుకుంటూ పోయింది. నేను వెళ్ళి ముందు సీటుకి కొట్టుకున్నాను. పొట్ట రాయిలా బిగుసుకుంది. కాసేపు ఊపిరి ఆడలేదు.

మా ఆయన దిగి కిందకి వంగి చూశారు. వేళ్ళతో ఏదో తీసి చూసుకున్నారు. సూదులు సూదుల్లా లేవు, నల్లటి పొడిలో మెరిసే తునకలు.

అంతలో వెనక నుంచి ఒంగోలు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి, "అయ్యయ్యో, నిండు చూలాలండీ. ఎక్కించండి బాబుగారూ, ఒంగోల్లో రైలు దొరుకుద్ది," అన్నాడు. బస్సులో ఆడవాళ్ళు అప్పటికే జరిగి చోటు చేశారు. ఒకావిడ కిటికీలోంచి చెయ్యి చాపి, "రామ్మా, రా," అంది. నేను ట్రంకు పెట్టె మీద చెయ్యేసి మా ఆయన వైపు చూశాను. ఆయన వాళ్ళ నాన్న వైపు చూశారు.

"పోనివ్వవయ్యా," అన్నారు మామగారు కండక్టరుతో. "మా కారుకేం కాలేదు."

షాఫ్టు రోడ్డు మీద పడి ఉంది. కండక్టరు దాన్ని చూశాడు, ఆయన మొహం చూశాడు, విజిలేశాడు. చెయ్యి చాపినావిడ బస్సు మలుపు తిరిగేదాకా నన్నే చూస్తూ పోయింది.

ఇంటికి ఎడ్లబండిలో వచ్చాం. పత్తి దింపి తిరిగెళ్తున్న ఒక రైతు ఎక్కించుకున్నాడు. బయల్దేరే ముందు అతను బండి కింద వేలాడుతున్న వెదురుగొట్టం తీసి, పుల్లతో కందెన తీసి ఇరుసుకి రాశాడు. అదే నలుపు, అదే వాసన. నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"ఎందుకా నవ్వు?" అన్నారు మామగారు.

"ఏం లేదు మామగారూ. ఇక్కడ బాగా పనిచేస్తోంది," అన్నాను.

ఊరు వచ్చేదాకా బండి ఎక్కడా కిర్రుమనలేదు.

ఆ కుదుపులకో ఏమో, తర్వాత కొద్ది రోజులకే ఆ ఇంట్లోనే పురుడొచ్చింది. ఆడపిల్ల. మామగారు అరుగు మీద నుంచి, "దీనికా ఇంత హడావిడి?" అన్నారు. నాకు వినబడాలనే అన్నారు.

నేను రాలేనని తెలిసి అమ్మే వచ్చింది. నాన్న ఆవిణ్ణి పొదివి పట్టుకుని రైల్లో చీరాల దాకా, అక్కణ్ణించి బస్సులో ఊళ్ళోకి తీసుకొచ్చాడు. బస్సు దిగిన చోటు నుంచి మా ఇంటి గుమ్మం దాకా రావడానికి ఎన్నిసార్లు కూర్చుందో నాకు తెలియదు. గుమ్మంలో కూలబడిన మనిషితో మామగారు అన్న మొదటి మాట ఇది: "ఈ మాత్రం రాగలిగినదానివి, ముందే వచ్చుంటే మాకీ తిప్పలన్నీ తప్పేవి కదా చెల్లెమ్మా."

"నిజమే అన్నయ్యగారూ," అంది అమ్మ. అని నవ్వింది. ఆ నవ్వుకి కూడా ఆవిడకి ఊపిరి చాలలేదు.

పురిటి మైల అని అత్తగారు నా గది గడప తొక్కేవారు కాదు. అమ్మకి అవేం పట్టలేదు. తిన్నగా లోపలికి వచ్చి నా మంచం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, మనవరాలిని ఒళ్ళో పెట్టించుకుంది. చీర కొంగున కట్టి తెచ్చిన చలిమిడి ముద్ద విప్పి నా నోట్లో పెట్టింది. "మీ మామగారు మొదటిది తిన్నారట కదా," అంది చెవిలో. ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం. ఆవిడ వాచిన పాదాలు ఆ కొద్ది రోజులూ నా మంచం కిందే ఉన్నాయి. చెయ్యి కిందకి జార్చితే అందేవి.

ఒక పొద్దున్న అమ్మకి ఆయాసం తిరగబెట్టింది. పెదవులు నీలంగా మారాయి. నాన్న వెళ్ళి, "బావగారూ, రెండు రోజులు కదల్చకుండా ఉంచితే తేరుకుంటుంది. చీరాల నుంచి డాక్టర్ని పిలిపిస్తే బాగుంటుంది," అని బతిమాలాడు. మామగారు పిలిపించింది డాక్టర్ని కాదు, పురోహితుణ్ణి. మర్నాటి నుంచి ధనిష్ఠా పంచకమట. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి తాళం వేసి వదిలేయాలి. మిరపకాయల కొనుగోళ్ళు జోరుగా సాగే రోజులు. గోడౌను ఇంట్లోనే ఉంది.

మామగారు కొడుకుని సైకిలు మీద పర్చూరు తరిమారు. అత్తగారు పొయ్యి మీద పెట్టిన పప్పు ఇంకా ఉడకలేదు, గుమ్మంలో అద్దె కారు వచ్చి ఆగింది.

పర్చూరులో అద్దె కారు ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఏడో నెలలో ఉంది, తొమ్మిదో నెలలో కూడా ఉంది. ఆ ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మా ఆయనకి కూడా. నాకొక్కదానికే తెలియదు.

నేను పచ్చి బాలింతను, గడప దాటకూడదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. నాన్నా డ్రైవరూ కలిసి అమ్మని మోసుకెళ్ళి వెనక సీట్లో పడుకోబెట్టారు. ఆవిడ తల నాన్న ఒళ్ళో ఉంది, మొహం నాకు కనబడలేదు. చెయ్యి ఒకటి కాస్త పైకి లేచింది, నా కోసమో, ఊపిరి అందకో. డ్రైవరు గేరు వేశాడు. కారు మెత్తగా కదిలి వెళ్ళిపోయింది. కింద ఏ చప్పుడూ రాలేదు.

సింగరాయకొండ దారిలో, ఒంగోలు చేరకముందే అమ్మ పోయింది. కబురు వచ్చినప్పుడు అత్తగారు నా గది బయట నిలబడి చెప్పారు. అరుగు మీద మామగారు ఎవరితోనో, "పోనీలెండి, మన గుమ్మంలో జరగలేదు," అంటున్నారు. నేను ఏడవలేదు. పాపకి పాలిస్తున్నాను, మధ్యలో ఆపితే ఏడుస్తుందని కదలకుండా కూర్చున్నాను.

ఆ లోపు కారుని ఎడ్లతో లాగించి గుంటూరు చేర్చారు. ఆ నవ్విన మేస్త్రీయే బాగుచేశాడని తర్వాత తెలిసింది. వాడికి తోచిన గ్రీజు వాడు పెట్టాడు. కొవ్వు సంగతి ఈసారి ఎవరూ ఎత్తలేదు, నేను కడుపుతో లేను కదా.

అమ్మ పెద్దకర్మ నాటికి నాకు పురిటిస్నానం అయింది. పాపని గుడ్డలో చుట్టుకుని, సంచి తగిలించుకుని వాకిట్లోకి వచ్చాను. తుడిచి మెరిపించిన కారు గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన మా ఆయన, చేతిలో మసిగుడ్డ. మామగారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు.

"ఎక్కు అమ్మాయ్," అన్నారు. "మీ నాన్నకి ఆ రోజు మాటిచ్చాను. మీ గుమ్మంలో దింపుతా."

నిజంగానే అన్నారు. తాను మాట నిలబెట్టుకునే మనిషినని ఆయనకి చాలా నమ్మకం.

నేను కారు పక్క నుంచి నడిచి రోడ్డు మీదికి వచ్చాను. వెనక నుంచి అత్తగారు, "పచ్చి బాలింత, బస్సులో ఏమిటే, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు," అన్నారు. మామగారు, "ఒరేయ్, దాన్ని ఆపరా," అన్నారు. మా ఆయన నాలుగడుగులు నా వెనక వచ్చి, మసిగుడ్డ పట్టుకుని నిలబడిపోయారు. ఆయన్ని నేను పిలవలేదు.

చీరాల బస్సు వచ్చింది. ఎవరో లేచి చోటిచ్చారు. కూర్చున్నాక కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"మా అమ్మగారింటికి," అన్నాను.

అతను నా మొహం చూసి చీరాలకి టిక్కెట్టు కోసి చేతిలో పెట్టాడు.